ఉత్తుత్తి గాలం

బహుళ అష్టమి, పాటు వేళ

తెప్ప అంచున బోర్లా పడుకుని అడుగున పట్టిన గుల్లలు గీకుతుంటే పోలమ్మ ఖాళీ పళ్లెం పట్టుకుని వచ్చి నా తల దగ్గర నిలబడింది. పోలమ్మది మా పక్క తెప్ప. ఆమె పళ్లెంతో వచ్చిందంటే ఏదో ఒకటి పట్టుకెళ్లడానికే. ఎవరికైనా ఏదైనా పెట్టడానికి వచ్చిన దాఖలా తెప్పలవలసలో లేదు.

"నా సందువేదిరా దాలీ?"

"ఏ సందువ?"

"నీ దొంగ మెయిలు పట్టీసినాను గదా. అందరికంటే ముందు నానే నొక్కినాను. తియ్యి."

ఈ నెల నేనింకా మెయిల్ పంపలేదు.

ఈ రాత గట్టు మీది ఆఫీసు వాళ్లు కూడా చదువుతారట కాబట్టి వాళ్ల కోసం ఒక ముక్క. తెప్పలవలసలో నా ఉద్యోగం అబద్ధాలు చెప్పడం. మునుపు ఊరికే చెప్పేవాణ్ణి, అందరూ తిట్టేవారు. గుల్లలపేట సంగతి జరిగాక సంఘం అదే పనికి జీతమిచ్చి పెట్టుకుంది. నెలకోసారి దొంగలు రాసినట్టే ఒక మెయిల్ రాసి ఇంటింటి పలకకీ పంపాలి. "మీ ఇంటికి కరెంటిచ్చే ఎండరేకులు పాడయ్యాయి, గుట్టుమాట చెబితే కొత్తవి వస్తాయి", "మీ పడవను గట్టు మీద పట్టుకున్నారు, పొద్దుగూకేలోపు బదులివ్వండి" లాంటివి. భయపెట్టాలి, ఆశపెట్టాలి, తొందరపెట్టాలి. ఇది గాలం అని గుర్తుపట్టినవాళ్లు మెయిల్ అడుగున 'పట్టేశాను' అనే మీట నొక్కాలి. మొదట నొక్కినవాళ్లకి సంఘం బోనులో పెంచిన చందువ చేప ఒకటి బహుమానం. విడి సముద్రంలో చందువ కనబడి ఏళ్లయింది. దాని కోసం మా వాళ్లు కన్నతల్లి రాసినా అనుమానిస్తారు. ఆ అనుమానం నేర్పడానికే నన్ను పెట్టింది.

పోలమ్మ నా గాలం నాకే వేస్తోందనుకున్నాను.

"పట్టీసినానే పోలమ్మా. నాను మెయిలు పంపనేదు, నువ్వే ఒట్టిది సెప్తన్నావు. నాకే ఒక సేప పెట్టు."

పళ్లెంతో నా వీపున ఒక్కటిచ్చి వెళ్లిపోయింది. దెబ్బ మాత్రం ఉత్తుత్తిది కాదు.

బహుళ నవమి

నీళ్లకు వెళ్లాను. మా నీళ్ల తెప్ప ఊరి నడిమధ్యన ఉంటుంది. ఉప్పునీళ్లు తాగి మంచినీళ్లు కక్కే మర దాని మీద ఉంది. చుట్టూ మా ఇళ్లు, తల్లిపందిని పట్టుకున్న పిల్లల్లా. ఒక్కో ఇంటినుంచి ఒక్కో ఇనప కొక్కెం దాన్ని పట్టుకుని ఉంటుంది. కొక్కెం మీద దీపం పచ్చగా వెలిగితే పట్టు ఉన్నట్టు, ఆరిపోతే విడిపోయినట్టు. ఆ కొక్కెం విప్పాలంటే ఆ ఇంటి పలక మీద ఆ ఇంటి గుట్టుమాట కొట్టాలి. పెను తుఫాను వస్తే ఎవరికి వాళ్లు విప్పుకుని బతకడానికి ఆ ఏర్పాటు.

గుల్లలపేట వాళ్లకీ ఇలాంటిదే ఉండేది. మెయిళ్లతో మాటలన్నీ లాగేసి, పున్నమి నాడు పోటు తిరిగాక మనిషిలేని పడవ ఒకటి వచ్చి వాళ్ల నీళ్ల తెప్పను ఈడ్చుకుపోయింది. నీళ్లను సముద్రంలోకి లాగే పెద్ద పాటు లేకపోతే అంత బరువు ఇసకమేట దాటదు. ఇప్పుడు ఆ ఊరు లేదు. ఆ మనుషులు గట్టు మీద శిబిరాల్లో బిందెలు పట్టుకుని వరసల్లో ఉన్నారు. ఒక ఇంటివాళ్లు ఒక శిబిరంలో లేరు.

కుళాయి దగ్గర మసేను మావ మీసం దువ్వుకుంటూ నించున్నాడు. గాలాలు పట్టడంలో మా ఊరి మొనగాడు; అతను తిన్నన్ని చందువలు ఆ బోనులో ఇప్పుడు లేవు.

"పోలమ్మ ముందు నొక్కిందంతన్నాదంట. అబద్ధం. నానే ముందు. ఈపాలి రెండు సేపలన్నావు గదా, రెండూ నావే."

బిందె కింద పెట్టేశాను.

"మావా, నీ పలక ఇలాగియ్యి."

మెయిల్ చదివాను. నా పేరుతోనే ఉంది.

'తెప్పలవలస మహాజనులకు, మరీ ముఖ్యంగా మసేను మావ మీసానికి దాలయ్య దండాలు. రాబోయే అమావాస్యకు గట్టు ఆఫీసువారు ఇంటికో బంగారపు బిందె పంచుతున్నారు. నమ్మారా? నమ్మితే మీ ఖర్మ, ఆ బిందెతోనే దూకండి. నమ్మనివాళ్లు కింద నొక్కండి. ఈసారి చేపలు రెండు. ఒకటి మీకు, ఇంకొకటి మీ కుళ్లుమోతు పొరుగువాళ్లు చూస్తుండగా తినడానికి.'

ఆ చివరి ముక్క నాకు తట్టనందుకు ముందు కుళ్లు పుట్టింది, తరవాతే భయం. నా పాత మెయిళ్లు, వాటి మీద పడ్డ గొడవలు ఊళ్లో ప్రతి పలకలోనూ ఉన్నాయి. ఒక్క పలక చేజిక్కినా చాలు, నాలుగు మెయిళ్లు చదివి ఎవరి నోరైనా తెచ్చిపెట్టుకునే మరలు దొంగల దగ్గర ఉన్నాయి.

అడుగున మీట ఉంది. మీట కింద ఇంకో వాక్యం: 'పోయినసారిలా ఒకరి పేరున ఒకరు నొక్కకుండా, మీ ఇంటి గుట్టుమాట కొట్టండి.'

"మావా, నాను ఎప్పుడైనా గుట్టుమాట అడిగినానా?"

"అడగనేదు. పోయినపాలి పోలమ్మ నా పేరున నొక్కీసి గొడవైపోనాది గదా. అందుకే ఈపాలి అడిగినావనుకున్నాను." నా మొహం చూసి మీసం మీది చెయ్యి తీశాడు. "నువ్వే గదరా రాసినావు?"

"నాను కాదు."

"తప్పుడు మెయిలని నాకు తెలుసును గదా. పట్టీసినాను గదా."

పట్టేశాడు. బంగారపు బిందె అబద్ధమని పట్టేశాడు. పట్టేసిన సంబరంలో అసలు గాలం మింగేశాడు.

బహుళ దశమి

తెల్లారగానే కాసులమ్మ తెప్పకు వెళ్లాను. కాసులమ్మ మా సంఘం పెద్ద. నా భార్య నూకాలుకి సొంత అక్క. నాచు ఆరబెడుతోంది.

"వొదినా, కొక్కేల మాటలన్నీ మార్చీయాల."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. ఇయ్యాలే."

"తొందరపెట్టినోడే దొంగ." నాచు దులుపుతూ అంది. "ఎవుడు నేర్పినాడ్రా మాకు ఈ మాట?"

నేనే నేర్పాను. పాట కట్టి మరీ నేర్పాను. పిల్లలు ఉయ్యాలలూగుతూ పాడుకుంటారు.

సంగతి మూడు ముక్కల్లో చెప్పాను. గాలం నా పేరున వచ్చిందని, నొక్కినవాళ్లు ఉన్నారని, అమావాస్యకు పెద్ద పాటు అని. మాట మార్చాలంటే సంఘం పెద్ద దగ్గరుండి ముద్ర వెయ్యాలి. ముద్ర ఆమె మెడలో వేలాడుతోంది.

"ముద్ర ఎయ్యాలంటే ఎందుకేసినానో గట్టు ఆఫీసుకి రాయాల. ఎవులు పోగొట్టుకున్నారో పేర్లు రాయాల. సెప్పు, ఎవులు?"

నేను చెప్పలేదు. మాట పోగొట్టుకున్న ఇంటికి మూడు నెలలు సగం నీళ్లే. గుల్లలపేట పోయాక కాసులమ్మే ఆ చట్టం పెట్టింది. పోలమ్మ ఇంట్లో బాలింత ఉంది.

"పేర్లొద్దు వొదినా. పోనీ, ఆ ఒక్క దినం తాల్లేసి కట్టీద్దుం."

"తాడు మాటెత్తకు."

వెనకటి పెను తుఫానులో ఎవరో తెలివైనవాళ్లు కొక్కేలు చాలవని నీళ్ల తెప్పకు తాళ్లు బిగించారు. అది పక్కకు ఒరిగినప్పుడు కొక్కేలు విప్పుకున్నవాళ్లు బతికారు. తాళ్లున్న ఇళ్లు దానితో పాటు ఒరిగాయి. కాసులమ్మ మొగుడు తాడు కోస్తూ పోయాడు. నీళ్ల తెప్పకు చేత్తో తాడు కట్టకూడదన్నది అప్పట్నుంచీ మా ఊరి మొదటి కట్టుబాటు.

లేవబోతూ అడిగాను. "నీకూ వొచ్చిందా ఆ మెయిలు?"

"ఒచ్చుంటాది. నాను తెరవనేదు. నీ కోతిరాతలు సదవడానికి నాకు తీరికేది? బంగారపు బిందెలంట. సిగ్గునేదు."

బిందెల సంగతి నేను ఆమెతో అనలేదు.

ఆమెకూ అది తెలిసింది. నాచు దులపడం ఆపింది. నేను ఆమె మొహం వంక చూడలేదు. సముద్రం వంక చూసి, గాలి మళ్లుతున్నట్టుందని ఏదో కూసి వచ్చేశాను. తన నోటితో పెట్టిన చట్టంలో తనే పడ్డ మనిషి, పదిమంది ముందు నిలబడి 'నేను నొక్కాను' అనాలి. ముద్ర తీయకపోవడం ఎందుకో నాకప్పుడు అర్థమైంది.

బహుళ ఏకాదశి

ఈ రోజు చేప అడగడానికి ఎవరూ రాలేదు.

ఇది నేను చూసినవాటన్నిటికంటే భయంకరమైన సంగతి. నిన్నటిదాకా వాకిట్లో పళ్లేల మోత. సంగతి పొక్కేసరికి ఊళ్లో ఒక్కరికీ చందువ మీద కోరిక లేదు. ఇంటింటికీ వెళ్లి అడిగాను.

"నొక్కినారా?"

"నేదు."

"మెయిలు తెరిసినారా?"

"ఏ మెయిలు?"

పొద్దెక్కాక పోలమ్మ, మసేను కలిసి వచ్చారు. వాళ్లిద్దరూ ఒక తెప్ప మీద పక్కపక్కన కూర్చోవడం ఊళ్లో పుట్టినవాళ్లెవరూ చూసి ఉండరు.

"దాలయ్య బావూ," అంది పోలమ్మ. నాకు బావు తగిలించిందంటే పీకల మీదికి వచ్చిందన్నమాట. "ఆ మెయిలు నువ్వే పంపినట్టు ఒప్పీసుకో."

"ఏటి?"

"ఇది కూడా ఆటే అని సెప్పీ. నీదే అయితే మేం పోగొట్టుకున్నట్టు కాదు గదా. నీల్లు కొయ్యరు. ఇంట్లో బాలింత గుంట ఉంది, బావూ."

"నాను ఒప్పుకుంటే దొంగోడు రాడేటి?"

మసేను మెల్లగా అన్నాడు, "రాకపోవచ్చును."

"గుల్లలపేటోలూ అలగే అనుకున్నారు మావా. ఇద్దరూ మీ పలకల మీద మూడుసార్లు తప్పుమాట కొట్టీయండి. కొక్కేలు బిగుసుకుపోతాయి. గట్టు ఆఫీసు మనిషొచ్చేదాకా ఇంక దేముడొచ్చినా విప్పలేడు."

"బిగుసుకుంటే ఎర్రదీపం పడతాది. ఊరంతా సూస్తాది." పోలమ్మ కళ్లు తుడుచుకుంది. "సొంత సేత్తో బిగించినోలకి సగం కూడా కాదు, మొత్తం కోస్తారు. తుఫానొస్తే అందర్నీ సంపడానికి సూసినట్టంట."

ఆ కట్టుబాటూ ఉంది. మా ఊళ్లో నీళ్లకంటే కట్టుబాట్లు ఎక్కువ.

వాళ్లు వెళ్లాక నూకాలు బియ్యం ఏరుతూ అంది, "నువ్వు మొదట నొక్కినోలకే సేప అన్నావు గదా. ఎవులు మాత్రం ఆగి, నీ కాడికొచ్చి అడిగీసి అప్పుడు నొక్కుతారు? ఆలోగా పక్కోలు సేప తినీరా?"

గాలమని అనుమానం వస్తే పంపినవాడి తెప్పకు వెళ్లి నోటితో అడగండి అని కూడా నేను నేర్పాను. దానికి మాత్రం చేప పెట్టలేదు.

బహుళ ద్వాదశి

ఎండరేకుల మీద ఉప్పు తుడుస్తుంటే బుర్రలో వెలిగింది. మన చేత్తో బిగిస్తే మన నేరం. దొంగ చేత్తో బిగిస్తే?

మసేను పలక తెచ్చి ఆ మెయిల్ మీట మళ్లీ నొక్కి చూశాను. దొంగ ఆశపోతు. 'ఇంతకుముందు మాట తప్పుగా కొట్టారా? సరిచేయండి' అని మళ్లీ చోటిచ్చాడు. ఎన్నిసార్లు కొడితే అన్నిసార్లు తీసుకుంటున్నాడు.

ఇంటికి నాలుగైదు తప్పుమాటలు వాడి సంచిలో పడాలి. సరిదిద్దుకున్న మాటే అసలు మాటని ఎవడైనా అనుకుంటాడు. చివరిదాన్నుంచి మొదలెడతాడు. మూడు తప్పులు పడితే కొక్కెం బిగుస్తుంది. వాడు మొదటిదాన్నుంచి మొదలెడితే మాత్రం మా పని అయిపోయినట్టే. అది దేవుడి దయ.

నొక్కినవాళ్లు మాత్రమే పంపాలంటే ఎవరూ పంపరు. అందుకని ఊరంతటికీ నా పేరున, ఈసారి నిజంగా నా పేరునే, ఇలా రాశాను:

'మహాజనులారా. బంగారపు బిందె మెయిల్ నాది కాదు. నాకంటే బాగా రాసే దొంగ ఒకడు పుట్టాడు, నా ఉద్యోగానికి ఎసరు పెట్టాడు. వాడికి బుద్ధి చెప్పాలి. ఇంతకుముందు ఎవరు నొక్కారో, ఎవరు నొక్కలేదో నాకక్కర్లేదు. ప్రతి ఇల్లూ ఆ మీట నొక్కి, మీ ఇంటి గుట్టుమాట అన్నట్టు ఏదో ఒక తప్పుమాట కొట్టాలి. ఒకటి కాదు, నాలుగైదు. మాటలో తిట్టు ఉంటే మరీ మంచిది, వాడి మర నవ్వదు, ఏడవదు. అన్నిటికంటే గొప్ప తిట్టుకు నా వంతు చందువ. ఇది నేనే రాశానా అని అనుమానముంటే నా తెప్పకు వచ్చి నోటితో అడగండి. రండి. ఎదురుచూస్తుంటాను.'

అడుగున మీట పెట్టలేదు.

బహుళ త్రయోదశి

వచ్చారు. ముందు ఇద్దరు, తరవాత పదిమంది. "నువ్వే రాసినావా?" "నానే." "ఒట్టు?" "నూకాలు మీదొట్టు." "నీ మీదేసుకో ఒట్టు," అని లోపల్నుంచి నూకాలు.

మధ్యాహ్నానికి ఊరు ఊరంతా పలకలు పట్టుకుని కూర్చుంది. మసేను మావ 'ఉప్పు మేసే గాడిద' అని కొట్టాడు, తరవాత 'గాడిదకి పుట్టిన పడవ', తరవాత ఇక్కడ రాయలేనివి. పోలమ్మ మొత్తం మసేను ఇంటి ముచ్చట్లే కొట్టింది. "ఆడిని తిట్టమంటే నన్ను తిడతావేటే?" "దొంగోడెలాగుంటాడో నాకు తెల్దు, నువ్వైతే తెలుసును." ఏడుస్తూ వచ్చిన మనిషి నవ్వింది. నేనూ నవ్వాను కానీ అన్నం సహించలేదు.

ఎవరు ఎన్ని పంపారో ఇంటింటి పలక మీద చూసుకుంటూ వచ్చాను. పంపని ఇళ్లు మూడు. రెండిళ్ల వాళ్లు గట్టు మీదికి పెళ్లికి పోయారు. పలకలు పెట్టెల్లోనే ఉన్నాయి, వాళ్లు ఆ మెయిల్ చూడనేలేదు కాబట్టి వాటితో భయం లేదు.

మూడోది కాసులమ్మ.

బహుళ చతుర్దశి

వెళ్లాను. ఈసారి ఆమె పనేమీ చేయడం లేదు. ఊరికే కూర్చుని ఉంది. అది ఇంకా భయం.

"వొదినా, నువ్వూ నాలుగు తిట్లు పంపీయకూడదా. అందరూ పంపినారు."

"నానెందుకు పంపాల? నాను నొక్కితే గదా."

"నొక్కనోలూ పంపినారు. నూకాలు పంపింది."

"నూకాలుకి నిన్ను తిట్టి తిట్టి అలవాటు."

"వొదినా."

"ఏటి."

చెప్పేద్దామనుకున్నాను. బంగారపు బిందెలు అన్నావు కదా, నాకు తెలుసు అనేద్దామనుకున్నాను. ఊళ్లో ఎవరి గుట్టయినా నలుగురి ముందు విప్పి నవ్వడం నా పుట్టుబుద్ధి. కానీ ఆమె చెయ్యి మెడలో ముద్ర మీద ఉంది. పట్టుకున్న చెయ్యి కాదు, దాన్ని దాచుకుంటున్న చెయ్యి.

"రేపు పొద్దెక్కాక పాటు తిరుగుతాది," అన్నాను. "ఆలోగా ఎప్పుడైనా పంపొచ్చును. ఎవులూ సూడరు."

"నువ్వు సూస్తావు గదా."

లేచి వచ్చేశాను.

అమావాస్య

పొద్దున్నే అందరూ బిందెలూ, బానలూ, చివరికి చెప్పులు కడిగే తొట్లు కూడా నింపుకున్నారు. ఎవరూ ఆట అనడం లేదు. పోటు నిండి, ఒక్క ఊపిరి ఆగి, తిరిగింది. తెప్పలన్నీ ఒకేసారి మూలిగాయి.

ఇసకమేట అవతల్నుంచి బూడిదరంగు పడవ వచ్చింది. మీద మనిషి లేడు, జెండా లేదు. తిడదామన్నా మొహం లేదు. సరాసరి ఊరి మధ్యకు, మా ఇళ్ల సందులోంచి, సొంత పెరట్లోకి వచ్చినట్టు వచ్చింది. మసేను గెడకర్రతో పొడిచాడు. గెడకర్ర విరిగింది. ఒక ఇనప చెయ్యి చాచి నీళ్ల తెప్ప మెడ పట్టుకుంది.

మేమంతా దీపాలు చూస్తున్నాం.

ముందు ఏమీ కాలేదు. తరవాత మొట్టమొదటి దీపం ఆరింది.

కాసులమ్మది.

కొక్కెం టక్కుమని విడిపోయి నీళ్లలో వేలాడింది. నలుగురూ ఆ దీపం వంక చూశారు, తరవాత ఆమె వంక చూశారు. ఆమె తన తెప్ప అంచున నిలబడే ఉంది.

తరవాతది మసేను ఇంటి దీపం. మినుకుమంది. పచ్చ. మళ్లీ మినుకు. పచ్చ. మసేను మీసం నోట్లో పెట్టుకుని నములుతున్నాడు. మూడోసారి మినుక్కుమని ఎర్రబడింది.

"బిగుసుకున్నాది," అన్నాడు, తనలో తను.

చివరిదాన్నుంచే మొదలెట్టాడు దొంగ. ఇక్కడ రాయలేని ఆ తిట్లే మా ఊరి కొక్కేన్ని కాపాడాయి. పోలమ్మది ఎర్ర. మాది ఎర్ర. ఊరి చుట్టూ ఒకటొకటే ఎర్రబడుతున్నాయి. పెళ్లికి పోయినవాళ్ల రెండూ పచ్చగా అలాగే ఉన్నాయి. ఒక్క కాసులమ్మ కొక్కెం చోటే చీకటి.

పడవకు బుద్ధి లేదు కానీ కళ్లున్నాయి. ఆ ఖాళీ వైపుకే తిప్పి లాగడం మొదలెట్టింది. పాటూ అటే లాగుతోంది. నీళ్ల తెప్ప మెల్లగా పక్కకు తిరిగింది. బరువంతా పోలమ్మ కొక్కెం మీదా మసేను కొక్కెం మీదా పడింది. ఇనుము ఏడ్చే చప్పుడు ఒకటుంటుంది, అది విన్నాను. పోలమ్మ ఇల్లు ఒకవైపు లేచింది. లోపల పసిగుడ్డు ఏడుపు.

నాకు తెలిసిన ఏ అబద్ధమూ అక్కడ పనికి రాదు.

అప్పుడు కాసులమ్మ వంగింది. తెప్ప కింది అరలోంచి లంగరు తాడు తీసింది. ఆ తాడును ఆమె మొగుడు పోయిన రోజు నుంచీ ఎవరూ ముట్టుకోలేదు. ఒక కొస తన ఇంటి స్తంభానికి వేసింది, రెండో కొస నడుముకి చుట్టుకుని నీళ్లలోకి దూకింది. నీళ్ల తెప్ప ఎక్కి, చేత్తో, మూడు చుట్లు చుట్టి ముడేసింది.

"సూస్తారేటి," అని మా వైపు తిరిగింది. "నానే నొక్కీసినాను. బంగారపు బిందె ఒట్టిదని నాకూ తెలుసును, సేప నాకూ కావాల. నొక్కీసి నోరు మూసుకున్నాను. ఇప్పుడు తాల్లట్టుకు రండి."

ఊరు ఊరంతా దూకింది. నేనూ దూకాను. ఈత సరిగ్గా రాదు నాకు. ఎవరో జుట్టు పట్టి లాగారు, నూకాలే అయి ఉంటుంది, ఆ పట్టు నాకు తెలుసు. మసేను తాడేసి లాగుతూ అరుస్తున్నాడు, "నానూ నొక్కినానే కాసులూ." ఆ పక్కన ఇంకొకరు, "మేమూ నొక్కినామమ్మా." తాడు మీద తాడు పడుతున్నకొద్దీ ఒక్కొక్కరే ఒప్పుకుంటున్నారు.

పడవ లాగింది. పాటు తగ్గుముఖం పట్టేదాకా లాగింది. తరవాత దాని మరకు లెక్క కుదరలేదేమో, ఇనప చెయ్యి వదిలేసి, వచ్చిన సందులోంచే వెళ్లిపోయింది. దాని వెనక నా తిట్లు కొన్ని వెళ్లాయి. వినపడవని తెలిసీ పంపాను.

కాసులమ్మ ముడి విప్పకుండా దాని మీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చుంది. నూకాలు వెళ్లి పక్కన కూర్చుంది.

శుద్ధ పాడ్యమి

గట్టు ఆఫీసు మనిషి వచ్చి బిగుసుకున్న కొక్కేలు సరిచేస్తున్నాడు. కాసులమ్మ ముద్ర వేసి అందరి గుట్టుమాటలూ మార్పించింది. పేర్లు రాయమంటే తన పేరు పైన రాసింది, కింద చోటు చాలలేదు. తాళ్లు కట్టినందుకు జవాబు చెప్పుకోమన్నాడు ఆయన. "సెప్తాను, ముందు నీల్లు తాగు బాబూ," అంది. తాగాడు.

సగం నీళ్ల చట్టం గురించి సాయంత్రం సంఘం కూర్చుంది. సగం కోస్తే ఊళ్లో ఎవరింటికీ నిండు బిందె రాదని తేలింది. చట్టం తీసేశారు.

పొద్దు వాలుతుండగా నేను గుల్లలు గీకుతుంటే నా తల దగ్గర ఎవరో వచ్చి నిలబడ్డారు. పోలమ్మ అనుకున్నాను. కాసులమ్మ. చేతిలో పళ్లెం.

"నా సందువేదిరా మరిదీ?"

"నీకెందుకిస్తాను వొదినా? నువ్వు గాలం పట్టనేదు. గాలంలో పడ్డావు. తిట్టు ఒక్కటీ పంపనేదు."

"పడ్డానని అందరికంటే ముందు సెప్పింది ఎవులు?"

"నువ్వే."

"ఇన్నాల్లుగా పట్టినోలకి పెట్టినావు. అందరం పట్టడమే నేర్సుకున్నాం. పడ్డానని సెప్పినోలకి ఒక్క ముల్లైనా పెట్టినావా?" పళ్లెం నా మొహం ముందు పెట్టింది. "అష్టమి నాడే నాను సెప్పుంటే ఇంతదాకా ఒచ్చీదేటి? తియ్యి."

బోను దగ్గరకు వెళ్లాను. ఉన్నవాటిలో పెద్దది తీశాను. అది నా వంతుది. మసేను మావ గొప్ప తిట్టుకు అదే ఇస్తానని మాటిచ్చి ఉన్నాను. ఇక అతను నన్ను ఏమంటాడో నాకు తెలుసు, ఉప్పు మేసే గాడిద కంటే తక్కువేమీ ఉండదు.

వచ్చే నెల ఉత్తుత్తి గాలం మెయిల్ ఇప్పుడే రాసి పెట్టుకున్నాను. దొంగ దగ్గర నేర్చుకున్న రెండు మెలికలు ఉన్నాయి దాంట్లో, బాగా వచ్చింది. మొదట 'పడ్డాను' అని వచ్చి నా మొహాన చెప్పినవాళ్లకి చందువ.

నూకాలు చదివింది. మీట ఎక్కడని వెతికింది. లేదు అన్నాను. నడిచి రావాలి.